కారని గ్రీజు

మే నెల, ఉదయం పదకొండు గంటలు. ఎనభైల మొదట్లో మాట. ఇనుప ట్రంకు, బెడ్డింగు, పోస్టింగు ఆర్డరుతో విశాఖపట్నంలో దిగాను. మా ఆర్మీ వర్క్‌షాపు పోర్టు వైపు రేకుల షెడ్లలో ఉండేది. ఖనిజం ధూళికి పొద్దున తొడిగిన బనీను మధ్యాహ్నానికి ఎర్రబడేది. యుద్ధంలో ఏం చూశావని అందరూ అడుగుతారు. నేను చూసింది ఆ షెడ్డులోనే.

యంత్రాలకు గ్రీజు పెట్టడం నా డ్యూటీ. లారీ కమాను పట్టీలను కాల్చే ఫర్నేస్ ఒకటుండేది. రెండు వందల కిలోల దాని తలుపును గొలుసుతో పైకెత్తాలి. గొలుసు గిలక మీద, గిలక ఉక్కు ఇరుసు మీద తిరిగేది. ఆ సెగకి మామూలు గ్రీజు గంటలో నెయ్యిలా కరిగి కారిపోయేది.

స్టోర్సులో రబ్బరు సీళ్లకని తెప్పించిన సిలికాన్ గ్రీజు దొరికింది. రెండు వందల డిగ్రీలకైనా కరగదని ట్యూబు మీదే రాసుంది. ఇరుసుకి దట్టంగా పట్టించాను. పదకొండు రోజులు ఒక్క చుక్క కారలేదు. మేజర్ భుజం తట్టాడు. అబ్బో, ఎంత పొంగిపోయానో!

ఫర్నేస్ నడిపే లాన్స్ నాయక్‌ది వన్‌టౌన్, కమ్మరి పని చేసే సాయిబుల ఇల్లు. నా ఈడువాడే, వరస కలిపి బావా అనేవాడు.

"బావా, తలుపెత్తుతుంటే కీసుమంటంది. ఓపాలి ఇప్పి సూడు," అన్నాడు.

"గ్రీజు కనపడతంది కదేటి? ఇంకేటి సూడాలి?"

విప్పలేదు. బుద్ధి లేని వెధవని!

పన్నెండో రోజు, రెండూ ఇరవై. స్టోర్సులో ఫోను మోగితే నేనే ఎత్తాను. "ఫర్నేస్. తలుపు పడింది. స్ట్రెచర్ పంపు." అంతే. వాడు పట్టకారుతో పట్టీ లాగుతున్నప్పుడు ఇరుసు విరిగిందట. వాడి కుడి చెయ్యి తలుపు కింద ఉంది.

సాయంత్రం మా షెడ్డు సుబేదార్ ఇరుసు ముక్కలు గిలకతో సహా నా ముందు పెట్టాడు. అంచుల్లో గ్రీజు తెల్లగా, పెట్టింది పెట్టినట్టే ఉంది. తుడిస్తే కింద ఉక్కు చీరుకుపోయి, గిలకకి కరుచుకుని ఉంది.

"ఇది వేడికి ఆగుతుంది, బరువుకి ఆగదు," అన్నాడాయన. "ఇనుము మీద ఇనుము ఒరిసేచోట దీని పొర నిలవదు. రబ్బరుకి, తేలిక బేరింగులకే ఇది."

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. వాడు ముందుగా అడిగింది ఇదే.

"గ్రీజు కారిపోనాదేటి బావా?"

"లేదు."

"మరింక నీ తప్పేటుంది? ఇరుసు పాతది. ఎంక్వైరీలో నాను అదే సెప్తాను."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. వాడు అన్నట్టే చెప్పాడు, సుబేదార్ కూడా గ్రీజు మాట ఎత్తలేదు, నాకు చిన్న మందలింపు కూడా రాలేదు. వాణ్ని మాత్రం మెడికల్ బోర్డు ఇంటికి పంపేసింది.

సర్వీసు ముగించుకుని మా ఊరు ఆనందపురం వచ్చేసి చాలా ఏళ్లయింది. కళ్లు మూస్తే ఇప్పటికీ ఆ మంచమే. కట్టులోంచి రెండు వేళ్లే బయటికున్నాయి. ఆ రెండింటితోనే నా చొక్కా పట్టుకుని, "బెంగెట్టుకోకు బావా," అంటున్నాడు.