చైన్లు లేని సైకిళ్లు

అమలాపురం బస్టాండు పక్కన అద్దె సైకిళ్ల కొట్టు నడిపే వీరాయమ్మ నోరున్న మనిషి. డెబ్బై ఎనిమిది ఎలక్షన్లలో ఊరేగింపులకని రెండు పార్టీలవాళ్లూ ఆమె సైకిళ్లనే తీసుకుని కుర్రాళ్లకి ఇచ్చారు. ఆ సైకిళ్ల సరదాకే కుర్రాళ్లు వాళ్ల వెంట తిరిగారు. ఓట్లు అయిపోయాయి గానీ కుర్రాళ్ల కొట్లాటలు ఆగలేదు. సినిమా హాలు ముందు సైకిలు చైన్లతో కొట్టుకుని నలుగురు ఆసుపత్రిలో పడ్డారు.

ఊరి పెద్దలు శాంతి సభ పెట్టారు. తప్పంతా మీ కుర్రాళ్లదేనంటూ ఆ రెండు పార్టీల నాయకులిద్దరూ మైకు లాక్కుంటుంటే వీరాయమ్మకి ఒళ్లు మండిపోయింది. గబగబా కొట్టుకి వెళ్లి రెండు సైకిళ్లు తోసుకొచ్చి వేదిక ముందు నిలబెట్టింది.

"ఇది తమరు తీసుకెళ్లిందండీ, అది ఆయన తీసుకెళ్లిందండీ. రెండూ చైన్లు లేకుండానే తిరిగొచ్చేయి! ఇకమీదట ఏ పార్టీ ఊరేగింపుకీ నా సైకిలు కదలదండీ!"

"ఆయ్! మేమూ ఇవ్వమండీ!" అంటూ మిగతా సైకిలు కొట్లవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఈలలతో సభ దద్దరిల్లిపోయింది.

మర్నాడు శాంతి ఊరేగింపు బస్టాండు మీదుగా వచ్చింది. సైకిళ్లకి కొత్త చైన్లు ఎక్కిస్తున్న వీరాయమ్మ తలెత్తి చూసింది. నాయకులిద్దరూ చెమటలు కక్కుతూ నడుస్తున్నారు. వాళ్ల వెనకాల ఒక్క కుర్రాడూ లేడు.