చింతపండు మూటలో తూటాలు

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక వేరుశెనగ చేను సగం నాశనమవుతుంది, ఒక పెద్దమనిషి నోటికి వచ్చినట్టల్లా తిడతాడు, రెండు గొట్టాల తుపాకీ ఒకటి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. దీనికంతటికీ కారణమైన మూర్ఖుడు కనిపిస్తే చెవి మెలేసి నాలుగు తగిలించాలని ఇప్పటికీ నా చేతులు దురదపెడుతూనే ఉంటాయి. వీలుపడదు. వాడు నేనే.

తొంభైల మొదట్లో మాట. మద్రాసు జార్జిటౌనులో మాకు చింతపండు మండీ ఉండేది. మా నాయన పోయాక మండీతోపాటు ఆయన తుపాకీ కూడా నా నెత్తిన పడింది. చింతపండు అమ్ముకునేవాడికి తుపాకీ ఎందుకని మీరు అడుగుతారు. అడగండి, మా ఆవిడ సరోజ రోజూ అడిగేది. ఊత్తుకోట దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, అక్కడే ఉండి తన పంటగా వేరుశెనగ వేసుకునేవాడు. కాయ ముదిరే రోజుల్లో చేలో అడవి పందులు దిగుతాయి. వాటిని చంపనక్కరలేదు. పొద్దుగూకే వేళ గాల్లోకి రెండుసార్లు పేలిస్తే చాలు, నాలుగు రోజులపాటు ఆ దిక్కుకు రావు. పంట కాపలాకని ఆయనకొక తుపాకీ, మాకొక తుపాకీ, రెండింటికీ లైసెన్సులు. ఇద్దరికీ కలిపి ఏడాదికి పది పన్నెండు తూటాలు ఖర్చయితే గొప్ప.

ఆ ఏడు ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, మౌంటు రోడ్డు పక్క సందులో ఉన్న తుపాకుల కొట్టుకు వెళ్లాను. కొట్టు పెద్దాయన తమిళుడు. నా మీద గౌరవంతో తెలుగు మాట్లాడేవాడు.

"పది ఇవ్వండి" అన్నాను.

"ఇవాళ అయిదే ఉండాయి సార్. వచ్చే వారం సరుకు వస్తది. అప్పుడు వాంగ, రండి."

మామూలు మనిషి అయితే ఆ అయిదూ జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు. నేను మండీవాణ్ణి. మా వీధిలో "వచ్చే వారం" అన్న మాటకు అర్థం వేరు. గోడౌను నిండా చింతపండు పెట్టుకుని, ధర పెరిగేదాకా ఆగుదామనుకున్నప్పుడు మేం కొనేవాళ్లతో చెప్పే మాట అది. నేనే వందసార్లు చెప్పి ఉంటాను, అదీ మొహం దిగాలుగా పెట్టి. ఆ పెద్దాయన కూడా అచ్చం అలాగే చెప్పాడు. ఆయన మొహమే అంత, పాపం, పుట్టుకతోనే దిగాలు మొహం. నాకు మాత్రం ఆయన వెనక బీరువా నిండా తూటాలు కనిపించాయి.

"ఉన్నాయి కదా లోపల?"

"ఇల్లె సార్, లేదు. నిజమా ఇల్లె."

"ఒట్టు?"

"తూటాకు ఒట్టు దేనికి సార్?"

ఒట్టు పెట్టలేదంటే దాచాడన్నమాటే అని తేల్చుకుని, ఆ అయిదూ కొని బయటపడ్డాను. చూడండి నా తెలివి! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

తుపాకీ లేనివాళ్లకు ఈ బాధ అర్థం కాదు. తూటా దొరకదట అన్న మాట చెవిన పడగానే, గోడకు వేలాడే తుపాకీ ఒక్క క్షణంలో ఉత్త ఇనుప గొట్టం అయిపోయినట్టుంటుంది. ఏడాదికి అయిదు పేల్చేవాడికి వంద లేకపోతే నిద్రపట్టదు. పందుల భయం కూడా కాదండీ. పక్కవాడి దగ్గర ఉండి మన దగ్గర లేకపోతే ఎలాగన్న ఏడుపు.

వచ్చేదారిలో మా పక్క మండీ నాగభూషణం కనిపించాడు. మిరపకాయల వ్యాపారి. ఆయనకూ ఒక తుపాకీ ఉంది. ఆయుధపూజనాడు దానికి బొట్టుపెట్టి దండ వేయడం తప్ప ఆయన దాన్ని తాకిన పాపాన పోలేదు.

"తూటాలు అయిపోయినాయంట" అన్నాను.

"ఎవురు చెప్పింది?"

"కొట్టాయనే. వచ్చే వారమంటాడు."

"వచ్చే వారమా!" నాగభూషణం మొహం పాలిపోయింది. ఆయనా మండీవాడే కదా.

మూడు రోజుల తరవాత నాగభూషణమే పరుగెత్తుకుంటూ వచ్చాడు. "కన్నయ్యా, ఇన్నావా? పెరంబూరులో నాకు తెలిసినాయన చెప్పినాడు. ఫ్యాక్టరీలో చేసేదే నిలిపేసినారంట. టౌన్లో ఎవురో పెద్ద తలకాయ అయిదు పెట్టెలు ఎత్తకపోయినాడంట పా!"

ఆ అయిదూ నావే. నేను కొన్న అయిదు తూటాలు పెరంబూరుదాకా వెళ్లి, అయిదు పెట్టెలై తిరిగొచ్చాయి. నేను పుట్టించిన పుకారు నా గుమ్మంలోకే వచ్చి నిలబడితే, దాన్ని గుర్తుపట్టకపోగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. "చూసినావా, నేను చెప్పలా?" అని ఎగిరి గంతేశాను కూడా.

చెప్పినట్టే మరుసటి వారం కొట్టుకు సరుకు వచ్చింది. కొట్టు తలుపులు తెరవకముందే నేను వెళ్లాను. నాకంటే ముందే అక్కడ వరస ఉంది! మా వీధి పెసలవాళ్లు, బెల్లంవాళ్లు, నాగభూషణం, లైసెన్సు పుస్తకాలు చంకలో పెట్టుకుని రేషన్ కొట్టు ముందు నిలబడినట్టు నిలబడ్డారు. అందులో తుపాకీ పేల్చినవాడు ఒక్కడూ లేడు.

"ఏంది సార్, యుద్ధమా?" అన్నాడు పెద్దాయన.

"మీరు దాస్తే ఇట్లే అవుతాది" అని ఎగిరాను.

"నేనా? నేను అమ్మేవాణ్ణి సార్. దాచి ఏం చేసేది, పొరియల్ వేయించి తినేదా?"

"మాకు నేర్పొద్దు. మేమూ వ్యాపారస్తులమే!"

వరసంతా నన్ను మెచ్చుకుంది. లైసెన్సు పుస్తకం వెనక పేజీల్లో ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది. అది హద్దు. నేను దాన్ని లక్ష్యం అనుకున్నాను. ముందు కొన్న అయిదూ పోను మిగతా తొంభై అయిదూ అక్కడికక్కడే కొని, నూరుకు నూరు పూర్తిచేసి ఇంటికి వచ్చాను. ఆ మధ్యాహ్నానికి కొట్టు ఖాళీ. తరవాత వచ్చిన సరుకు కూడా వచ్చిన పూటే ఖాళీ అవుతూ వచ్చింది.

సరోజ పెట్టె చూసింది. "ఇదేంది?"

"తూటాలు. ఇంకమీదట దొరకవు."

"ఈ ఇంట్లో పొయ్యి ఉండాది, అగ్గిపెట్టె ఉండాది. ఈ పీడ ఈడ పెడితే నేను మా అమ్మగారింటికి పోతా."

ఆవిడ అన్నంతపనీ చేసే మనిషి. అందుకని గోడౌనుకు చేర్చాను. మా వంశంలో ఒక అలవాటు ఉంది. దాచవలసింది ఏదైనా చింతపండు మూట మధ్యలో పెడతాం. జిగట, చీమలు, నల్లటి మురికి, దొంగవెధవ కూడా చేయి పెట్టడు. గింజ తీసి, ఉప్పు చల్లి, తొక్కి కట్టిన పాత చింతపండు మూట ఒకటి విప్పి, నూరు తూటాలనూ దాని కడుపులో పేర్చి, మళ్లీ కుట్టేశాను. ఆ తూటాలకు కింద ఇత్తడి టోపీ, పైన కాగితం గొట్టం. కాగితం అండీ! ఉప్పులో, పులుపులో, సముద్రపు గాలి తగిలే గోడౌనులో, మూడు నెలలు. చింతపండు ఎలా నిలవ ఉంటుందో నాకు తెలుసు. తూటా కూడా అలాగే ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి!

దీపావళి వానలు వెలిసిన మరునాడు పొద్దున్నే చిన్నాయన వచ్చాడు. పంచె మోకాళ్లదాకా బురద. వచ్చీరాగానే తిట్లు మొదలుపెట్టాడు.

"నాలుగుసార్లు తిరిగినా రా ఆ కొట్టుకాడికి! ఒక్క తూటా లేదు. టౌన్లో ఎవుడో మొదలుపెట్టినాడంట, వాన్ని చూసి అందురూ ఎగబడినారంట. వాని చేతులిరగ, వాని కొంప కూల!"

"అట్లాటోణ్ణి ఊరికే వదలగూడదు చిన్నాయనా" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది నాకు.

సరోజ కాఫీ గ్లాసు ఠంగున కింద పెట్టింది. "ఆ మహానుభావుడు మీ ముందరే కూచోనుండాడు మామా."

చిన్నాయన నావైపు చూశాడు. "ఎన్ని?"

"నూరు."

"నూరా! మన చేన్లో నూరు పందులు ఉండాయా రా?" అని లేచాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మళ్లీ కూర్చుని గొంతు తగ్గించాడు. "తిట్టేది తరవాత. పది దినాల్లో కాయ పెరకాల. నిన్న సాయంత్రం ఒక మూల అంతా తవ్వేసినాయి. పేలుడు వినపడక వాటికి భయం పోయింది. ఈ పంట పోతే ఈ ఏడాదికి నాకు ఇంకేం లేదు కన్నయ్యా. నీ తుపాకీ ఎత్తుకో, ఆ తూటాలు ఎత్తుకో, పద."

ఆయన గొంతు అలా తగ్గడం నేను ఎప్పుడూ వినలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

గోడౌనులో మూట విప్పాను. ఆహా, ఏం చెప్పను! చింతపండుతో తోమిన పూజ చెంబుల్లాగా ఇత్తడి టోపీలు తళతళలాడుతున్నాయి. "చూడు, కొత్తవాటికంటే బాగుండాయి" అని గర్వంగా చూపించాను. కాగితం గొట్టాలు మాత్రం కాస్త బొద్దుగా అనిపించాయి. మందు దండిగా కూరినారేమోలే అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

బస్సు దిగి చేను చేరేసరికి పొద్దు వాలింది. అప్పటికే పందులు వచ్చేశాయి. ముందొక పెద్దది, వెనక పదో పన్నెండో. మా పిన్నమ్మ గట్టుమీద నిలబడి నూనె డబ్బా వాయిస్తోంది. అవి ఒకసారి తలలెత్తి చూసి, కచేరీ బాగానే ఉందన్నట్టు మళ్లీ మేతలో పడ్డాయి.

"పేల్చు!" అన్నాడు చిన్నాయన.

తుపాకీని నడుము దగ్గర మడిచి తెరిచి తూటా దూర్చాను. సగందాకా పోయి ఆగింది.

"పేల్చరా!"

"పోవడంలేదు చిన్నాయనా."

"పందులు పోవడంలేదని నాకూ కనపడతాంది! పేల్చు!"

"పందులు కాదు. తూటా పోవడంలేదు. ఉబ్బింది."

బొటనవేలితో నొక్కాను, అరచేత్తో గుద్దాను. బయటికి లాగబోతే ఇత్తడి టోపీ ఊడి చేతికి వచ్చింది, కాగితం ముద్ద గొట్టంలోనే ఉండిపోయింది, సీసపు గుండ్లు ఆవాల్లాగా నా కాళ్లమీద జలజలా రాలాయి. రెండో గొట్టానికీ అదే గతి. ఆ తుపాకీ మళ్లీ పేలలేదు. చిన్నాయన తన తుపాకీ తెచ్చాడు. ఇంకొకటి, ఇంకొకటి, ఇరవై దాకా చూశాం. ఒక్కటీ పట్టలేదు. మా కళ్లెదురుగా పందులు ఒక్కో సాలూ పెళ్లగించుకుంటూ వస్తున్నాయి. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి.

"తినండి! ఇవి కూడా తినండి!" అని అరుస్తూ, సంచిలోంచి గుప్పిళ్లకు గుప్పిళ్లు తూటాలు తీసి వాటిమీదికి విసిరాను.

పెద్ద పంది ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి వేసింది. హమ్మయ్య అనుకున్నాను. అది ఆగి, ముందున్న తూటాను వాసన చూసింది. ఒకసారి నాకింది. ఇంకోసారి నాకింది. ఆ ఉప్పూ పులుపూ దానికి బాగా నచ్చినట్టుంది, తలెత్తి గుర్రుమని పిలిచింది. అటుపక్కకు మళ్లబోతున్న మంద కూడా ఇటే వచ్చేసింది.

చిన్నాయన తుపాకీ గట్టుమీద పెట్టి చతికిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ ఉత్త చెనక్కాయలు తింటా ఉండె" అన్నాడు. "నంజుకునేదానికి పులుపు కూడా తెచ్చిపెడితివి కదరా నాయనా!"

డబ్బాలు కొట్టి, దివిటీలు పట్టి ఎలాగో తరిమాం. తెల్లారి చూస్తే చేను సగానికి సగం గుంతలు. ఆ గుంతల మధ్య నిలబడి, నేను గొంతు సవరించుకుని, "చిన్నాయనా, నీ ముందర ప్రమాణం చేస్తుండా" అని మొదలుపెట్టాను.

"చేద్దువులే. ముందు గుంతలు పూడ్చు" అని పార చేతికిచ్చాడు.

పూడుస్తూనే చేశాను. చింతపండు మండీ కన్నయ్య అనే నేను, భూమాత సాక్షిగా, ఇకమీదట పది కావలసినచోట పదే కొంటాను. పదకొండోది చేతికి తగిలితే నిప్పు తగిలినట్టు వదిలేస్తాను. ఏదైనా దొరకదని తెలిస్తే నోరు మూసుకుని ఇంటికి వస్తాను, దారిలో నాగభూషణం ఎదురైతే సందు మారతాను. ఇది తప్పితే నా చేను అడవి పందులు మేయుగాక.

చిన్నాయన అంతా విన్నాడు.

"చేను నీది గాదు, నాది. ఆ పక్క గుంత వదిలేసినావు చూడు" అన్నాడు.