ఎల్‌సీ కాయితం చేతికొచ్చేదాకా

1986 మే నెల ఆఖరు వారం. వినుకొండకు పడమరగా, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. దూరం నుంచి పెద్ద వోల్టేజీలో వచ్చిన కరెంటును తగ్గించి చుట్టుపక్కల ఊళ్ళకు పంపడమే సబ్‌స్టేషన్ పని. అలా ఊళ్ళకు వెళ్ళే ఒక్కో లైనునీ ఫీడర్ అంటాం. మాకు మూడు ఫీడర్లుండేవి. నేను చెప్పబోయేది రెండో ఫీడర్ సంగతి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ వారం రోళ్ళ సంగతేమో గాని, యార్డులో ఉన్న ఇనప హ్యాండిళ్ళను తడి గోనెపట్టా చుట్టకుండా ముట్టుకోలేకపోయేవాళ్ళం. ఎర్త్ పిట్లని మాకు గుంటలుంటాయి. లైనులో తేడా వచ్చినప్పుడు కరెంటు భూమిలోకి దిగిపోవాలంటే ఆ గుంటల్లో మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. అందుకని రోజూ పొద్దున్నే డ్రమ్ములో నీళ్ళు తెచ్చి పోస్తాం. ఆ వారం బిందె కింద పెట్టేలోపే నేల నీళ్ళు పీల్చేసేది. మధ్యాహ్నాలు తారురోడ్డు మెత్తబడి సైకిలు చక్రాలకు అంటుకునేది.

సాయంత్రం రేడియోలో రోజూ ఒకటే మాట, ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉందని. నాలుగు దాటాక నల్లమల వైపు నుంచి మబ్బు లేచేది. దుమ్ము లేపే గాలి, ఉరుములు, ఆ తర్వాత నాలుగు చినుకులు. అంతలోనే చుక్కలు కనబడేవి. సోమ, మంగళ, బుధ వారాలు అలాగే గడిచాయి. గురువారం మాత్రం గాలి మాటలు చెప్పి వెళ్ళిపోలేదు. తాటిమట్టలు ఎగిరొచ్చి తీగల మీద పడ్డాయి. రెండో ఫీడర్ ట్రిప్పయి, దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ ఛార్జ్ చేస్తే, అంటే కరెంటు ఇచ్చి చూస్తే, నిలవలేదు. నాలుగు ఊళ్ళు చీకటయ్యాయి. ఆ నాలుగింటిలో పెద్ద ఊరికి మంచినీళ్ళ ట్యాంకు మోటారు కూడా ఆ ఫీడర్ మీదే నడుస్తుంది. బావులప్పటికే అడుగంటి ఉన్నాయి.

శుక్రవారం పొద్దున పదింటికి లైన్‌మన్ యేసోబు వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, తను తమ్ముడూ అనేవాడు. సన్నటి మనిషి. ఆదివారం చర్చిలో తెల్లచొక్కాతో పాటలు పాడించేవాడు, మిగతా ఆరు రోజులూ స్తంభాల మీదే ఉండేవాడు. ఆ రోజు తోడు రావాల్సిన మనిషి జ్వరంతో పడుకోవడంతో ఒక్కడే బయల్దేరాడు.

"ఎల్‌సీ ఇయ్యి తమ్ముడూ. చెరువుకట్ట దగ్గర తీగ తెగిందంట. రెండు గంటల పని" అన్నాడు.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైనులో కరెంటు లేదు, నువ్వు ఎక్కి పనిచేసుకోవచ్చు అని ఆపరేటర్ రాసిచ్చే హామీ. బ్రేకర్ ఆపి, స్విచ్ తెరిచి, హ్యాండిల్‌కు తాళం వేసి, పుస్తకంలో టైము రాసి, ఇద్దరం సంతకాలు చేస్తాం. ఒక చీటీ లైన్‌మన్ తీసుకెళ్తాడు. పని ముగించి, మనుషులూ సామానూ అంతా లైను మీద నుంచి తీసేశామని రాసి, సంతకం పెట్టి, ఆ చీటీ తనే తెచ్చివ్వాలి. అది రానిదే ఆపరేటర్ కరెంటు ఇవ్వకూడదు. చీటీ తీసుకున్నవాడే తిరిగివ్వాలి, వాడి తరఫున ఇంకొకరు ఇచ్చినా చెల్లదు. యేసోబన్న చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.

పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండయింది. యేసోబన్న రాలేదు.

మూడింటికి జనం వచ్చారు. మొదట ఆడవాళ్ళు, ఖాళీ బిందెలతో. ఆ ఎండలో పెద్ద ఊరి నుంచి మూడు మైళ్ళు నడిచొచ్చారు. వాళ్ళ వెనక మగవాళ్ళు, వాళ్ళందరి వెనక జీపులో సర్పంచ్ గారు. గొడవకొచ్చిన గుంపులా లేరు. ముఖాలు వాడిపోయి ఉన్నాయి. ఒకామె చంకలో పసిపిల్ల ఒళ్ళంతా చెమటకాయలు పేలి, ఏడవడానికి కూడా ఓపిక లేక ఎక్కిళ్ళు పెడుతోంది. ఎర్త్ పిట్ల కోసం ఉంచిన డ్రమ్ము చూపించి, ఇది బావినీళ్ళేనమ్మా, తీసుకోండన్నాను. నిమిషంలో డ్రమ్ము అడుగు కనబడింది. సగం మందికి కూడా సరిపోలేదు.

"ఏమయ్యా ఆపరేటరూ, నిన్న రాత్రి నుంచీ ఊళ్ళో చుక్క నీళ్ళు లేవు. ఆ మబ్బు చూడు. గంటలో మళ్ళీ గాలొచ్చుద్ది, మళ్ళీ తీగలు తెగుతాయి. ఈలోపు మోటారు ఒక్క గంట తిరిగితే రేపటిదాకా బతుకుతాం. కరెంటియ్యి" అన్నారు సర్పంచ్ గారు.

ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. పడమట మబ్బు ఆ రోజు ముందుగానే తాటిచెట్ల ఎత్తు దాటి లేచింది.

"లైన్‌మన్ ఇంకా రాలేదండి. అతను చీటీ తెచ్చేదాకా ఇవ్వలేను."

"యేసోబేనా? పని ఎప్పుడో అయిపోయింది" అంటూ గుంపులోంచి ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తా, పేరు సుబ్బారావు. మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. "నేను చెరువుకట్ట మీదుగానే వచ్చా. స్తంభం దిగి సామాను సర్దుకుంటన్నాడు. ఇక్కడ అయిపోయిందని చెప్పమన్నాడు. నాతోనే చెప్పాడండి."

గుంపులో కదలిక వచ్చింది. ఇంకేం, ఇయ్యవయ్యా అని నలుగురు ఒకేసారి అన్నారు. సుబ్బారావు ముఖం చూశాను. అబద్ధం చెప్పే మనిషిలా లేడు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. నమ్మాను కాబట్టే భయం వేసింది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది, తాళంచెవి వేళ్ళకు తగిలింది.

"అతనే రావాలండి" అన్నాను.

సర్పంచ్ గారు లోపలికొచ్చి, నా టేబుల్ మీద ఫోన్ తీసుకుని, టౌన్‌లో ఉన్న మా సెక్షన్ ఇంజనీరుతో మాట్లాడి, రిసీవర్ నా చేతికిచ్చారు.

"అతను దిగాడని చూసినవాళ్ళు చెబుతున్నారుగా. ఛార్జ్ చెయ్యి" అన్నాడు ఇంజనీర్.

"ఎల్‌సీ తిరిగి రాలేదు సార్."

"నేను చెబుతున్నానయ్యా."

"అలాగే సార్. లాగ్‌బుక్ తెరిచి పెట్టుకున్నాను. ఎల్‌సీ రాకపోయినా మీ ఆదేశం మీద ఛార్జ్ చేస్తున్నానని మీ పేరు, టైము రాస్తాను. రాయమంటారా?"

రిసీవర్ భుజానికి నొక్కి పట్టుకుని పెన్ను తీశాను.

"నీ ఇష్టం. తర్వాత సంజాయిషీ నువ్వే ఇచ్చుకో" అని పెట్టేశాడు.

చీటీ వచ్చేదాకా ఛార్జ్ చేయనని సర్పంచ్ గారికి చెప్పాను. బయట వింటున్నవాళ్ళకి ఓపిక నశించింది. ఇద్దరు ముగ్గురు కంచె తలుపు తోసుకుని యార్డులోకి వచ్చారు. ఒకడి చేతిలో రాయి ఉంది. తాళం పగలగొడితే సరి అన్నాడు. నేను వెళ్ళి హ్యాండిల్‌కు వీపు ఆనించి నిలబడ్డాను. చొక్కాలోంచి ఇనుము చురుక్కుమంది. ఎవరైనా గట్టిగా తోస్తే పడిపోయేవాణ్ణే.

"పగలగొట్టండి. ముందు కొట్టేవాడు పేరు చెప్పి కొట్టండి. యేసోబుకు ఏమైనా అయితే వాళ్ళావిడ దగ్గరికి వెళ్ళి చెప్పాల్సింది వాడే. నేను వెళ్ళను."

రాయి పట్టుకున్నవాడు ఆగాడు. వెనకవాళ్ళు అతన్ని నెడుతున్నారు, అతను ముందుకు రావడం లేదు. అప్పుడు పసిపిల్లను ఎత్తుకున్న ఆ ఆడమనిషి బిందె కింద పెట్టింది. కోటేశ్వరమ్మ, కూలికి పోయే మనిషి. చంకలో ఉన్నది మనవరాలు. ఆమె సుబ్బారావు వైపు తిరిగింది.

"నాయనా, యేసోబు దిగటం నీ కళ్ళతో చూశావా?"

"చూశానమ్మా. దిగాడు, సైకిలెక్కి పోయాడు."

"ఎటు పోయాడు?"

"కట్ట మీద పడమటి వైపు."

"పని అయిపోతే ఇటు రావాల గదా. ఇది తూర్పున గదా ఉంది."

సుబ్బారావు కట్ట ఉన్న వైపు తిరిగి చూశాడు. "బండి చప్పుట్లో సరిగా వినబళ్ళా... ఇక్కడ అయిపోయిందన్నాడు. ఇక్కడ, అన్నాడు" అని నెమ్మదిగా అన్నాడు.

రాయి పట్టుకున్నవాడు దాన్ని కంచె అవతలికి విసిరేశాడు. సర్పంచ్ గారు కండువాతో మొహం తుడుచుకుని, "పోరా, పోయి చూసిరా" అన్నారు. సుబ్బారావు మోటార్‌సైకిల్ దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఆ గంటా అందరం కలిసే కాచుకున్నాం. ఆడవాళ్ళు కంట్రోల్ రూమ్ నీడలో గోడవారగా కూర్చున్నారు. కుండలో నా తాగేనీళ్ళు మూడు గ్లాసులు మిగిలుంటే పసిపిల్లలకు పోశాం. మబ్బు సూర్యుణ్ణి కమ్మింది. గాలి ఆగిపోయి ఉక్క ఎక్కువైంది. దూరంగా ఉరిమిన ప్రతిసారీ ఆకాశం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవాళ్ళు. ఆ చూపులో కోపం పూర్తిగా పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు. వాళ్ళకు దాహం అలాగే ఉంది మరి.

అయిదున్నరకు బండి తిరిగొచ్చింది. వెనక యేసోబన్న, భుజాన తాడు, మొహమంతా మసి. సుబ్బారావు బండి స్టాండు వేయబోతే నిలవక, గోడకు ఆనించి పక్కనే కూర్చుండిపోయాడు.

"కాటవరం డొంక దగ్గర ఉన్నాడు. స్తంభం మీద. రెండు చేతులతో తీగ పట్టుకుని ఉన్నాడు" అన్నాడు.

జరిగిందేమిటంటే, కట్ట దగ్గర తీగ కలిపాక, ఎందుకైనా మంచిదని యేసోబన్న లైను పొడుగునా ముందుకు వెళ్ళి చూశాడు. మూడు కిలోమీటర్ల అవతల ఇంకో స్తంభం మీద జంపర్ తెగి వేలాడుతోంది. ఒక తీగను ఇంకో తీగకు కలిపే ముక్కను జంపర్ అంటాం. అది కట్టకుండా ఛార్జ్ చేసినా లైను నిలవదని ఎక్కాడు. అంతకు ముందు కట్ట దగ్గర అతను సుబ్బారావుతో అన్నది 'ఇక్కడ అయిపోయింది, ముందుకు పోయి చూస్తన్నానని చెప్పు' అని. ఆ మాటలో రెండో సగం బండి చప్పుట్లో కలిసిపోయింది.

యేసోబన్న జేబులోంచి చీటీ తీశాడు. చెమటకు తడిసి మెత్తబడిపోయింది. నా టేబుల్ మీద పరిచి, టైము వేసి, సంతకం పెట్టాడు. తాళంచెవి రెండుసార్లు తప్పిపోయి మూడోసారి పడింది. స్విచ్ వేసి, బ్రేకర్ ఇచ్చాను. ఫీడర్ నిలిచింది. కరెంటొచ్చిందని ఎవరో కేకేశారు, జనం బిందెలెత్తుకుని ఊరి దారి పట్టారు. కోటేశ్వరమ్మ వెళ్తూ నా వైపు చూసి తలూపింది, అంతే.

మోటారు ముప్పావు గంట తిరిగింది. ఆ తర్వాత గాలి, ఆ వెనకే ఆ వారమంతా రేడియో చెబుతూ వచ్చిన వాన నిజంగానే వచ్చాయి. ఫీడర్ మళ్ళీ ట్రిప్పయింది. ట్యాంకు సగమే నిండింది. ఆ సగంతోనే ఊరు మర్నాటిదాకా గడుపుకుంది.

వానలో వరండా కింద నిలబడి యేసోబన్న బీడీ వెలిగించుకుంటూ అడిగాడు, "నేనింకా పైనే ఉన్నానని నీకెట్టా తెలిసింది తమ్ముడూ?"

"తెలియదన్నా. దిగావనే అనుకున్నా."

"మరి?"

"నీ కాయితం రాలేదు."

అతను బీడీ వెలిగించడం మానేసి దాన్ని చెవి వెనక పెట్టుకున్నాడు.

పదిహేను రోజులకు నాకు మెమో వచ్చింది. పై అధికారి మాట పాటించలేదని, సరఫరా ఆలస్యం చేసి ప్రజలకు ఇబ్బంది కలిగించానని. సంజాయిషీ రాశాను. "ఆలస్యం చేసిన మాట నిజం. ఎల్‌సీ తిరిగి రానప్పుడు మళ్ళీ ఇలాగే ఆలస్యం చేస్తాను" అని రెండే వాక్యాలు. రెండో వాక్యం తీసేయమని స్నేహితులు చెప్పారు. తీయలేదు. నా సర్వీస్ రిజిస్టర్‌లో ఎర్రసిరాతో మందలింపు రాశారు.

తర్వాత చాలా ఏళ్ళు ఆపరేటర్‌గానే పనిచేశాను, కొత్తవాళ్ళకు పని కూడా నేర్పాను. రౌడీలొచ్చి బెదిరిస్తే ఏం చేయాలని అడిగేవాళ్ళు. అది తేలికరా అనేవాణ్ణి. చెడ్డవాళ్ళకు కాదని చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. ఆ రోజు నా ముందు నిలబడ్డవాళ్ళు దాహంతో ఉన్నవాళ్ళు. వాళ్ళు అడిగింది న్యాయమే. కబురు తెచ్చినవాడు నిజాయితీపరుడు. ఆ కబురును నేనూ నమ్మాను. అందరూ మంచివాళ్ళే, ఎవరి మాటా అబద్ధం కాదు, అయినా ఇంకొక్క నిమిషంలో ఒక మనిషి ప్రాణం పోయేది. మన నియమం ఇలాంటి రోజుకోసమే రాసిపెట్టారని వాళ్ళకు చెప్పేవాణ్ణి.

రిటైరయ్యే ముందు యూనియన్ వాళ్ళు ఒక అర్జీ తయారుచేసి తెచ్చారు. ఆ ఎర్రసిరా మాట కొట్టేయించుకోవచ్చు, సంతకం పెట్టు చాలన్నారు. నేను పెట్టలేదు. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగంలో నేను గట్టిగా నిలబడ్డ రోజు ఒకటుందని కాయితం మీద రుజువు అదొక్కటే. దాన్ని ఎందుకు కొట్టేయించుకోవాలి?