చైను లేని చప్పుడు

మా అక్క మొగుడు పాత స్కూటర్ల మెకానిక్. స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. లోపల చైను వదులైతే టకటకా కొట్టుకుంటుంది, మరీ బిగిస్తే మూలుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ చెవే ఆయనకు కూడు పెడుతోంది. ఈమధ్య లేని చప్పుళ్ళు వింటున్నాడని అక్క గోల. ఒక్కసారి చెవి తప్పినా షాపు మూసేస్తానని ఆయన పంతం.

ఆ మధ్యాహ్నం నా బండి చైను విప్పి కిరోసిన్ పళ్ళెంలో వేశాడు. ఇంజను ఆపి గంట దాటింది. అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ ఆనించినవాడు పాలిపోయాడు.

"ఒరే బావమరిదీ, కొట్టుకుంటోందిరా."

"చైను పళ్ళెంలో ఉంటే ఏం కొట్టుకుంటుంది బావా, నీ మొహం!"

"అయితే నా చెవులు పోయినట్టే. షాపు మూసెయ్యాల్సిందే. నువ్వోసారి విను."

నవ్వుతూ చెవి పెట్టాను. టక... టక... నింపాదిగా వినిపించింది. నేను వింటున్నానని తెలిసిపోయినట్టు, అంతలోనే వేగం పెంచింది.

"వినిపిస్తోంది బావా," అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "చూశావా! నా చెవులు నిక్షేపంలా ఉన్నాయని మీ అక్కకి చెప్పు! సాయంత్రానికి బిగించి ఇస్తా, ఎక్కి పో."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు ఇంటికి నడిచే వెళ్ళాను.