బుడగలు చూసే హెర్మెలిండా

పంతొమ్మిదేళ్లుగా హెర్మెలిండా షికాయ్‌కి నీళ్లలోకి చూడటమే ఉద్యోగం. వినడానికి హాయిగానే ఉంటుంది. ఒక్క వారం చేసి చూడండి, తెలుస్తుంది.

అమాతిత్లాన్ ఊరికి వెళ్లే దారిలో ఉన్న ఆ కార్ఖానాలో నల్ల చిక్కుడు గింజలు ఉడకబెట్టి, రుబ్బి, నూనెలో మగ్గబెట్టి ప్యాకెట్లలో నింపుతారు. అరగంటకోసారి మచ్చుకి పన్నెండు ప్యాకెట్లు ఆమె గాజు తొట్టె దగ్గరికొస్తాయి. వాటిని నీళ్లలో ముంచి, అంచులకు అంటుకున్న గాలిని ముందు బొటనవేలితో తుడిచెయ్యాలి. కొత్తవాళ్లు ఈ పని మరిచిపోయి ఉత్త గాలికే లీకు లీకని గోల పెడతారు. తర్వాత అవి తేలకుండా పైన జల్లెడ అదిమి, మూత బిగించి, పంపు వేస్తే లోపలి గాలిని లాగేస్తుంది. అతుకులో సూదిమొనంత సందున్నా చాలు, అక్కణ్ణించి సన్నటి దారంలా బుడగలు లేస్తాయి. ఒక్క దారం కనబడితే ఆ అరగంట సరుకంతా పక్కన పెట్టాల్సిందే. లైను మీది ఆడవాళ్లు వాటిని ఒక్కొక్కటీ చేత్తో పిసికి చూసి, కారేవాటిని బుట్టలో వేసి, మిగిలినవి క్రిములు చావడానికి ఆవిరి పెట్టెల్లోకి పంపుతారు.

ఆ బుట్ట వాళ్లదే. పొద్దున ఉడికిన గింజలే, దోషమేమీ లేదు. సాయంత్రం తలా రెండు పంచుకుని ఇంటికి పట్టుకెళితే రాత్రి మొక్కజొన్న రొట్టెల్లోకి కూర వెతుక్కోనక్కర్లేదు. కార్ఖానా పుట్టిన నాటి నుంచీ ఇదే ఆనవాయితీ. హెర్మెలిండా ఎంత నిక్కచ్చిగా చూస్తే అన్ని ఇళ్లలో కూర. "నీ కంటికి దణ్ణం పెట్టాలి దోన్యా" అనేవాళ్లు అప్పట్లో. దోన్యా అంటే అక్కడ అమ్మగారూ అన్నట్టు.

ఈస్టరు వెళ్లాక బుట్ట ఎండిపోయింది.

కొత్త ఇంజనీరు ఎలియాసర్ గోడకొక పలక తగిలించి, లీకు లేని రోజులు ఇన్ని అని రోజూ తనే చెరిపి తనే రాసుకుంటున్నాడు. ముప్పై అయితే అందరికీ కేకు అన్నాడు. కేకు ఎవరిక్కావాలి? ముసల్దాన్ని ఇంజనీరు తనవైపు తిప్పుకుని లీకులు దాయిస్తున్నాడని ఆడవాళ్లు తేల్చేశారు. నలుగురూ తేల్చాక ఇంక అప్పీలేముంది!

"రండి దోన్యా, రండి. ఇంజనీరు గారి మనుషులు మా పక్కన కూర్చుంటే మకిలంటుకోదూ?" అంది డెల్ఫీనా భోజనాల దగ్గర. సీలు మిషను మీద పనిచేసే మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు.

"పోనీవే" అంది హెర్మెలిండా. మాటకి మాట చెప్పే ఓపిక కూడా లేదామెకు. మోకాళ్లు నెప్పి, నడుము నెప్పి, నీళ్లలో నాని నాని వేళ్లు తెల్లబడిపోయాయి. ఇవన్నీ భరించదగ్గవే.

భరించలేనిది ఇంకోటుంది. తొట్టెలో నీళ్లు ఆమెకు సున్నపునీళ్లలా కనిపిస్తున్నాయి. ముందు నీళ్లే మురికనుకుని రెండుసార్లు మార్చింది. తర్వాత దీపం పాడైందనుకుంది. ఓ ఆదివారం ప్రార్థనకి వెళితే బలిపీఠం మీది కొవ్వొత్తులు కూడా అలాగే కనిపించాయి, అప్పుడర్థమైంది. ఎవరికి చెప్తుంది? కార్ఖానా డాక్టరు చూస్తే ఆ పూటే ఇంటికి పంపేస్తాడు. ఇంకో తొమ్మిది నెలలు పనిచేస్తే పింఛను, లేకపోతే ఏమీ లేదు. మొగుడు ఎప్పుడో పోయాడు, ఉండేది అద్దె గది. అందుకని అరగంటకోసారి మూత బిగించి, పంపు వేసి, ముప్పై అంకెలు లెక్కపెట్టి సంతకం పెడుతోంది. మిషన్లు ఈ మధ్య బాగా పనిచేస్తున్నాయిలే అని తనకు తనే చెప్పుకునేది. నమ్మేది కాదు, అయినా చెప్పుకునేది.

గురువారం భోజనాల వేళ డెల్ఫీనా ఒక ప్యాకెట్ తెచ్చి ఆమె ముందు పడేసింది. లోపల కుళ్లి కప్ప పొట్టలా ఉబ్బి ఉంది.

"చూడు నీ నిర్వాకం! వెనకాల తనిఖీ ముద్రలో నీ పేరు అక్షరాలే ఉన్నాయి. మా అత్త వీధి చివర కొట్లో కొనుక్కొచ్చింది. మూకుట్లో వెయ్యడానికి కత్తిరించబోతుంటే లాక్కున్నా. మా బుట్టలోకి రావాల్సింది కొట్టుకు పంపిస్తావా? ఆవిడ తినుంటే?"

హెర్మెలిండా ప్యాకెట్‌ని చేత్తో నొక్కింది. డోలులా బిర్రుగా ఉంది.

"ఆ ఇంజనీరే కదా నిన్నిలా చెయ్యమంది? ఊఁ అను చాలు. మేమందరం నీ వెనక నిలబడి వాడి సంగతి తేలుస్తాం."

ఊఁ అంటే చాలు. తప్పు ఇంజనీరు నెత్తి మీదికి పోతుంది, తొమ్మిది నెలలూ గడిచిపోతాయి. ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఆ ఆశకి ఆమెకే సిగ్గేసింది.

"రావే" అంటూ లేచి తొట్టె దగ్గరికి నడిచింది. ఉబ్బిన ప్యాకెట్‌ని నీళ్లలో పెట్టి, అంచులు తుడిచి, మూత బిగించి పంపు వేసింది.

"ఎక్కడ కారుతోందో చెప్పు."

"అదేం ప్రశ్న! అదిగో, కింది మూల. అంత దారం లేస్తుంటే కనబడట్లా?"

"కనబడట్లేదే డెల్ఫీనా. ఈస్టరు నుంచీ కనబడట్లేదు."

డెల్ఫీనా చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుంది.

"అయ్యో నా తల్లీ..." అని మెల్లగా చెయ్యి పట్టుకుంది. "నేను చూస్తాలే. అరగంటకోసారి నీళ్లు తాగడానికొచ్చినట్టు వస్తా, చూసి చెప్తా. తొమ్మిది నెలలేగా, పురుక్కి కూడా తెలియనివ్వను."

"ఇకముందు నువ్వు చూస్తావు సరే. కొట్లకి పోయినవి ఎవరు చూస్తారే? మీ అత్త చేతిలోంచి నువ్వు లాక్కున్నావు. అందరిళ్లలో నువ్వుంటావా?"



పంపు చప్పుడు విని ఇంజనీరు వచ్చాడు. "భోజనాల వేళ కూడా పనేనా దోన్యా? ఎల్లుండికి ముప్పై!" అన్నాడు నవ్వుతూ.

హెర్మెలిండా ప్యాకెట్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఈస్టరు నుంచి పోయిన సరుకంతా వెనక్కి తెప్పించండి సార్."

"ఒక్కటి ఉబ్బితే నెల సరుకా? బండిలో ఎక్కడో నలిగుంటుంది. అలాగే రాసేద్దాం. అయినా ప్రతి అరగంటకీ మీ సంతకం ఉంది, మీరు చూడందే పెడతారా?"

డెల్ఫీనా వెనకనుంచి ఆమె ఏప్రన్ పట్టుకుని లాగింది, ఒద్దు ఒద్దని.

"సంతకాలు పెట్టాను సార్. చూడలేదు. నాకు కనపడదు."

ఇంజనీరు ఆమె కళ్లలోకి అప్పుడు చూశాడు. రెండు నల్లగుడ్ల మీదా తెల్లటి పొర, ఎదురుగా నిలబడ్డ ఎవరికైనా కనిపించేంత పెద్దది.