కుడివైపు రెండు టైర్లు

ఏడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టైర్లు ఎత్తి దించే చేతులు నావి, బరువుకు భయపడే మనిషిని కాను. కానీ దీన్ని దించుకునే చోటే దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఖమ్మంలో మాది టైర్ల షాపు. నాన్న పోయాక నేనే నడుపుతున్నాను. నా గురించి ఇంతవరకు తెలిస్తే చాలు.

ముందే ఒక సిగ్గులేని మాట చెప్పేస్తాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు హుషారు వస్తుంది. తప్పు చేసిన రోజును తలుచుకుని ఎవరైనా సంబరపడతారా? నేను పడతాను. ఇది రాస్తుంటే కూడా గుండె దడదడలాడుతోంది. అది భయమా, ఆ కారు చప్పుడు గుర్తుకొచ్చా, విడదీసి చెప్పలేను.

మా చర్చికి వచ్చే సుధాకరన్న మణుగూరు బొగ్గు గనుల్లో ఉద్యోగి. అక్కడే క్వార్టర్లో ఉంటాడు, ఆదివారం మాత్రం భార్య సునీత వదినతో ఖమ్మం వస్తాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. అలాంటాయన ఒక ఆదివారం హైదరాబాదు నుంచి సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనుక్కుని వచ్చేశాడు! పసుపు రంగు, రెండే సీట్లు, నేలకు అతుక్కున్నట్టుండే కారు. పాట ఆగిపోయి చర్చి సగం బయటికి వచ్చేసింది. బొగ్గు లారీల మధ్య దీన్ని ఎక్కడ తిప్పుతావని అందరూ ఆటపట్టించారు. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతూ నిలబడ్డాడు. నేను మాత్రం వంగి టైర్లు చూశాను. అరిగిపోయి నున్నగా ఉన్నాయి.

మర్నాడే సెలవు పెట్టి షాపుకు వచ్చాడు. ఎక్కువ కాలం వచ్చే మామూలు టైర్లు చాలన్నాడు. ఈ కారుకు మామూలు టైర్లా! నేను ఊరుకుంటానా? కేటలాగు ముందు పెట్టి గంటసేపు వాయించాను. సమ్మర్ పర్ఫార్మెన్స్ టైర్లే వేయాలన్నాను. ఎండాకాలం పోతే మళ్లీ మార్చాలా అని అడిగాడు పాపం. మంచు పడే దేశాల వాళ్లు పెట్టిన పేరది, మంచు లేని మనకు ఏడాదంతా పనికొస్తాయని చెప్పాను. రబ్బరు మెత్తన, కాగే రోడ్డును కూడా పట్టుకుంటుంది. మూడు రకాలు చూపించాను. ఒకటి చప్పుడు చేయనిది, ఒకటి చాలాకాలం మన్నేది. మూడోదాని మీదే నా ప్రాణం. దాని ఒంటి మీద దుక్కి చాళ్లలాంటి గీతలు మధ్య నుంచి రెండు పక్కలకు వాలి ఉంటాయి, వాన నీటిని చక్రం కింద నిలవనీయకుండా బయటికి చిమ్ముతాయి. బొమ్మల్లో చూడ్డమే గానీ అప్పటిదాకా నేను అలాంటి టైరును చేత్తో ముట్టుకోలేదు.

ఆయన కారు కోసం ఎంచానా, నా మోజు తీరడానికి ఎంచానా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా రెండూ నిజమే అనిపిస్తుంది. కానీ ఎంపికలో తప్పు లేదు. ఆ కారుకు, ఈ ఎండకు, ఆ అడవి మలుపులకు అవే సరైనవి. సరైన టైర్లు ఇచ్చి తప్పు చేశానన్నదే నన్ను ఎక్కువగా తినేస్తుంది.

టైర్లు వచ్చిన రోజు మా పెద్ద ఫిట్టర్ యాకూబ్ చాచా కుసుమంచిలో పెళ్లికి వెళ్లాడు. రేపొచ్చి ఎక్కిస్తాను, ఆగమని ఫోన్లో చెప్పాడు. ఆగలేదు. నా చేత్తోనే ఎక్కించాలి. కొత్త రబ్బరు వాసన, అరచేతికి అంటుకునే ఆ మెత్తదనం! పాడుకుంటూ పనిచేశాను. అలాంటి టైరు పక్కన ఒక బాణం గుర్తు ఉంటుంది. బండి ముందుకు కదిలినప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో అటే ఆ బాణం చూడాలి. అంటే ఎడమ చక్రాలకు ఒక తీరు, కుడి చక్రాలకు దానికి ఎదురు తీరు. తిరగబడితే ఆ గీతలు నీటిని బయటికి చిమ్మే బదులు చక్రం కిందికే లాగుతాయి. ఇదంతా నాకు తెలుసు. సుధాకరన్నకు పాఠంలా చెప్పింది కూడా నేనే. కానీ రోజూ వేసే టైర్లకు ఆ బాధ లేదు. చేతులకు అలవాటైన ప్రకారం నాలుగింటినీ ఒకేలా మిషన్ మీద పెట్టి ఒకేలా ఎక్కించేశాను.

సాయంత్రం షాపు ముందు ప్రార్థన పెట్టుకున్నాం. మా వాళ్లలో కొత్త బండికి పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేయాల్సిందే. ఈలోగా పక్క షాపు మెకానిక్ తన పద్ధతిలో నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టేశాడు. పాస్టరు గారు చూసీ చూడనట్టు బానెట్ మీద చెయ్యి వేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నిమ్మకాయలు ఇంకా అక్కడే ఉన్నాయేమోనని నాకు నవ్వొచ్చి ఓరగా కన్ను తెరిచాను. కుడివైపు ముందు చక్రం నా ఎదురుగా ఉంది. బాణం వెనక్కి చూస్తోంది.

వెనక చక్రం వైపు చూశాను. అది కూడా అంతే. ప్రయాణంలో కాపాడమని పాస్టరు గారు అడుగుతున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఆగండి, గంటలో తిప్పి ఎక్కిస్తానంటే సరిపోయేది. కానీ ఇరవై మంది ఉన్నారు. ఆడమనిషికి టైర్ల గురించి ఏం తెలుసని నవ్వినవాళ్లు అందులో సగం మంది. వాళ్లకు దొరికిపోతానని అనుకున్నాను. ఇది కారణమే, సాకు కూడా. ఒక నవ్వు తప్పించుకోవడానికి నేను మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టాను. నిమ్మకాయలు చితికాయి, ఈలలు వేశారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

తర్వాతి ఆదివారం సుధాకరన్న నన్ను కారులో కూర్చోబెట్టుకుని ఇల్లెందు రోడ్డులో తిప్పాడు. అబ్బా, ఏం చెప్పను! పొడి రోడ్డు మీద బాణం ఎటున్నా పెద్దగా తేడా తెలియదు. మలుపు మలుపుకూ కారు రోడ్డును కరుచుకుని తిరుగుతుంటే నేను కేకలు పెట్టాను. నేను ఎంచిన టైర్లు! నేను ఎక్కించిన టైర్లు! చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? పక్కనే ఉన్నాడు, ఇద్దరమే ఉన్నాం. వానలు పడేలోపు చెకప్ పేరుతో పిలిచి సరిచేద్దామనుకున్నాను. మళ్లీ వారం, మళ్లీ వారం అని జరుపుకుంటూ పోయాను.

ఆ ఏడు వాన ముందే వచ్చింది. టేకులపల్లి దాటాక అడవి మలుపులో, లారీల నుంచి రాలిన బొగ్గు పొడి నీళ్లలో కలిసి బురదైన చోట, కారు గిర్రున తిరిగి టేకు చెట్టుకు గుద్దుకుంది. సుధాకరన్నకు గీతలే పడ్డాయి. పక్క సీట్లో ఉన్న సునీత వదిన ఎడమ మోచేయి నుజ్జయింది. ఆపరేషన్లు అయినా చెయ్యి పూర్తిగా వంగదు. ఈ రోజుకూ ఆమె జడ ఇంకొకరు వేయాలి.

కారును మా షెడ్డుకే తెచ్చారు. మధ్యాహ్నం అందర్నీ భోజనానికి పంపి, షట్టరు సగం దించి, కుడివైపు రెండు టైర్లు విప్పి తిప్పి ఎక్కించాను. ఆ పని మాత్రం ఏ తప్పూ లేకుండా చేశాను. అదే నాకు అన్నిటికన్నా భయం వేసే సంగతి.

రెండు రోజులకు ఆయన వచ్చాడు. కారు దగ్గర నిలబడ్డాడు, ముట్టుకోలేదు.

"చెల్లె, ఏంది గట్ల జారింది? టైర్లల్ల ఏమన్న తప్పున్నదా?"

"ఏం లేదన్నా. నువ్వే చూడు. బాణాలన్నీ మంచిగనే ఉన్నయ్."

కూర్చుని ఒక్కొక్క చక్రం చూశాడు. నేను నేర్పిన పాఠమే కదా, సరిగ్గా చూశాడు.

"అవ్. గట్లయితే తప్పు నాదే. నేనే స్పీడుగ పోయిన. సునీత మెల్లగ పొమ్మంటనే ఉన్నది."



కొన్ని వారాల తర్వాత చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. తన గర్వం వల్ల, తన ఉరుకులాట వల్ల భార్య చెయ్యి పోయిందని, దేవుడు క్షమించాలని అందరి ముందు ఏడ్చాడు. ఆడవాళ్ల వైపు రెండో వరసలో నేను ఆమెన్ అన్నాను. నా పాపాన్ని ఆయన ఒప్పుకుంటుంటే కూర్చుని ఆమెన్ అన్నాను!

ఆ తర్వాత ఆయన స్టీరింగు ముట్టలేదు. కారు పాత సామాన్లకు పోయింది. మణుగూరు నుంచి బస్సులో వస్తాడు. యువకుల కూటాల్లో ఆ సాక్ష్యం మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. పోయిన ఆదివారం కూడా చెప్పాడు. తన చేతులను చూసుకుంటూ, ఇవి సొంత మనిషిని విరిచిన చేతులని అన్నాడు. సునీత వదిన తల దించుకుని కూర్చుంది. నేను మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాను.

ఆ రోజు ఆయన నిజంగానే వేగంగా వెళ్లాడేమో. బాణాలు సరిగ్గా ఉన్నా జారేదేమో. నాకు తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా ఆ మధ్యాహ్నం నేనే చేశాను. తన తప్పు మీద కాస్త అనుమానపడే హక్కు, ఇది నా తప్పు కాదేమో అనుకునే హక్కు ఆయనకుండేది. దాన్ని నేను లాగేసుకున్నాను. విరిగిన మోచేయి కన్నా అది చిన్నదా? ఏడేళ్లుగా తూచి చూసుకుంటున్నాను, తేలడం లేదు.

ఆయన దగ్గరికి వెళ్లి చెబుతానని మీకు మాటివ్వలేను. మాటిచ్చి తప్పడం నాకు బాగా వచ్చు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. కానీ ఒక్క వాక్యం రాయాలని మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

టైర్లు తిరగేసి ఎక్కించింది నేను. చూసి కూడా చెప్పనిది నేను. సరిచేసి దాచింది నేను.

రాసి, గట్టిగా చదివాను. ఏడేళ్లలో మొదటిసారి ఈ మాటలు నా చెవిన పడ్డాయి. మంచినీళ్లు తాగి, మళ్లీ ఒకసారి చదివాను.