క్రూయిజర్ దిగి, టూరింగ్ బండెక్కి: విజయనగరం నుంచి కోటబొమ్మాళి దాకా

క్రూయిజర్ మోటార్‌సైకిల్ అమ్మేశానని తెలిసిన రోజు నుంచి మా వదిన నాతో మాట్లాడటం మానేసింది. ఎప్పుడు ఫోన్ చేసినా ఆవిడ భర్తే ఎత్తేవాడు. ఆయన్ని నేను అన్నయ్యా అని పిలుస్తాను. "పనిలో ఉన్నాదమ్మా, తర్వాత సేస్తాదిలే" అనేవాడు. ఆ తర్వాత ఎవరూ చేసేవారు కాదు. వదిన పేరు సువార్తమ్మ. మా ఆయన ప్రభాకర్‌కు అక్క. ఉద్దానంలో పుట్టిన ఆ ఇద్దరికీ చిన్నప్పుడే తల్లి పోతే, తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఇప్పుడు కోటబొమ్మాళిలో స్టేషన్‌కు వెళ్ళే రోడ్డు మీద చిన్న టిఫిన్ హోటల్ నడుపుతోంది. 2019 చలికాలం చివర్లో ఒక రెండో శనివారం, ఫోన్లతో తేలే వ్యవహారం కాదని నాకు అనిపించింది. కొత్త బండి మీదే వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. ఈ ప్రయాణం అలా మొదలైంది.

బండి ఎందుకు మార్చానో ముందు చెప్పాలి. ఇది చదివేవాళ్ళలో చాలామంది అదే తెలుసుకోవాలనుకుంటారు. క్రూయిజర్ ప్రభాకర్ ముచ్చటపడి కొన్నది. తర్వాత, ఉద్దానం మనుషుల్లో చాలామందికి పాడైనట్టే, ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు విశాఖ వెళ్ళేటప్పుడు ఆయనే నడిపేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయనకు ఓపిక ఉండేది కాదు కాబట్టి నేను నడపడం నేర్చుకున్నాను. వెనక సీటుకు బ్యాక్‌రెస్ట్ వేయించాం. దానికి ఆనుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, ఆనందపురం దాటేలోపే కునుకు తీసేవాడు. ఆయన పోయాక కూడా రెండేళ్ళు ఆ బండే నడిపాను. అయితే క్రూయిజర్ మీద కాళ్ళు ముందుకు చాచి కూర్చుంటాం. బరువంతా నడుము కింద పడుతుంది. గుంత వచ్చినప్పుడు కాళ్ళ మీద లేచి తప్పించుకునే వీలుండదు. గంట నడిపితే రాత్రంతా నడుం పట్టుకుని పడుకోవలసి వచ్చేది. బండి మానేయండి, లేదా మార్చండి అన్నాడు డాక్టరు. మానడం నా వల్ల కాలేదు.

ఉదయం ఆరున్నరకు విజయనగరంలో బయలుదేరాను. మంచు ఇంకా విడలేదు. నెల్లిమర్ల దాటేదాకా నలభైకి మించలేదు. స్పోర్ట్ టూరింగ్ బండితో మొదటి ఇబ్బంది ఊళ్ళలోనే ఎదురవుతుంది. సీటు ఎత్తు. క్రూయిజర్ మీద రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేవి, దీని మీద ముని వేళ్ళే అందుతాయి. సందులో వెనక్కి తిప్పాలంటే దిగి తోయడమే మేలు. ఆగినప్పుడు ఇంజను వేడి మోకాళ్ళకు తగులుతుంది. చీపురుపల్లిలో టీ కోసం ఆగినప్పుడు, బండిని స్టాండ్ వేయడానికి నేను పడుతున్న అవస్థను టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ చూశాడు.

"ఏటమ్మా, ఇది రేసుల బండా?"

"కాదు. దూరాలు వెళ్ళే బండి."

"మరి ఇంత ఎత్తున్నాదేటి? పడిపోతే ఎవులు లేపుతారు?"

"ఇక్కడ పడితే మీరే లేపాలి."

ఆయన దాని గురించి నిజంగానే ఆలోచించాడు. "ఇక్కడైతే లేపుతాం. సీపురుపల్లి దాటినాక సూసుకుని ఎల్లు" అన్నాడు.

నేరుగా రణస్థలం మీదుగా హైవే ఎక్కేయవచ్చు. అది త్వరగా అయిపోయే దారి. నేను మాత్రం పొందూరు మీదుగా వెళ్ళాను. కోతలైన వరి మళ్ళలో మినుము, పెసర పచ్చగా పరుచుకుని ఉంది. రోడ్డు సన్నం, ప్రతి ఊరికీ ముందొకటి, వెనకొకటి స్పీడ్ బ్రేకరు. కొత్త బండి అసలు సుఖం ఈ గతుకుల మీదే తెలిసింది. పాదాలు సరిగ్గా నా కింద ఉన్నాయి, మోకాళ్ళు ట్యాంకుకు ఆనుకుని ఉన్నాయి. గుంత వచ్చినప్పుడు కాస్త లేస్తే చాలు, నడుముకు తెలియకుండానే దాటిపోతోంది. పొందూరులో అప్పటికే కొన్ని ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు రాట్నాల ముందు కూర్చున్నారు. ప్రభాకర్ ఆదివారం చర్చికి వేసుకునే ఖద్దరు చొక్కాల గుడ్డ ఇక్కడిదే. ఆగలేదు. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కాను.

హైవే మీద ఎనభై దాటాక బండి నిశ్శబ్దమైంది. ముందున్న అద్దం గాలిని తల మీదుగా పంపేస్తోంది. క్రూయిజర్ మీద ఈ వేగంలో గాలి గుండెల మీద తోస్తుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడినట్టు ఉండేది. నాగావళి వంతెన దాటాను, శ్రీకాకుళం పక్కకు తప్పుకుంది. వంశధార దగ్గరి టోల్ గేటులో రెండు చక్రాల బళ్ళకు రుసుము లేదు, ఎడమ చివరి సందులోంచి పోవాలి. ఎక్కడా నొప్పి లేదు. అది గమనించిన క్షణం సంతోషం కలిగింది. వెంటనే మనసు బరువెక్కింది. వీపు వెనక ఎవరూ లేరన్న సంగతి పాత బండి మీద నొప్పిలో కొంత మరుగున ఉండేది.

కోటబొమ్మాళి చేరేసరికి తొమ్మిదిన్నర. వదిన పెనం దగ్గర ఉంది. నన్ను చూసింది, బండిని చూసింది, మళ్ళీ పెనం వైపు తిరిగింది. అన్నయ్య బల్ల తుడిచి కూర్చోమన్నాడు. వదిన పెసరట్టు తెచ్చి, ఎవరో దారిన పోయేవాళ్ళకు పెట్టినట్టు నా ముందు పెట్టి నిలబడింది.

"బండమ్మీసినావంట."

"అమ్మాను వదినా."

"ఎవులికి?"

"రాజాంలో మందుల షాపాయనకి. బాగా చూసుకునే మనిషే."

"ఆడు కూకున్న సీటు అది. ఆడు ఆనుకున్న దిండు. నీకు కొత్తది కావాలంటే కొనుక్కో, పాతది మా ఇంటికాడ పడీయకపోయావా? నానేటి కాదన్నానా?"

దాన్ని చూస్తూ ఉండలేకపోయానని, తుప్పు పట్టనివ్వలేకపోయానని చెప్పాను. ఆవిడ వింటూ ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదకు బరువు మార్చుకుంది. అప్పుడు చూశాను. చెప్పు పట్టీకి రెండు వైపులా పాదం ఉబ్బి ఉంది. పట్టీ పక్కకు జరిగిన చోట లోతుగా గాడి పడింది. ఆ గాడిని నేను మా ఇంట్లో ప్రభాకర్ పాదాల మీద ఏళ్ళ తరబడి చూశాను.

"కాళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాయి?"

"నిలబడి నిలబడి. హోటల్ పని కదా."

"నాను సెప్తే ఇనదమ్మా," అన్నాడు అన్నయ్య వెనక నుంచి. "పండగ ముందు నుంచీ ఇదే. నొప్పి బిళ్ళలు మింగి పని సేస్తాది. పరీచ్చకు రమ్మంటే రాదు."

వదిన ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసింది. "సేయిస్తే ఏటొస్తాది? ఆడికి సేయించినాం కదా. ఏటొచ్చింది?"

హోటల్లో తింటున్న ఇద్దరు తలలు దించుకున్నారు. నేను పెసరట్టు ముక్క చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ప్రభాకర్‌కు తెలిసేసరికే ఆలస్యమైందని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ముక్కను పళ్ళెంలో పెట్టేసి అన్నాను: "నాకు ఇవాళ సెలవు. శ్రీకాకుళం వెళ్దాం. రిపోర్టు చేతికొచ్చేదాకా నేను నీ పక్కనే కూర్చుంటాను. ఏమొచ్చినా ఇద్దరం కలిసి విందాం. వద్దంటే ఇంకెప్పుడూ అడగను."

ఆవిడ లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను చేతులు కడుక్కుని బయటికి వచ్చి హెల్మెట్ పెట్టుకుంటుండగా వెనక నుంచి మాట వినబడింది.

"బండి తియ్యి."

ఊడుపులకు వెళ్ళేవాళ్ళలా చీర ఎగదోపి గోచీ పోసి కట్టుకుంది. అన్నయ్య ఆటో పిలుస్తానన్నాడు. వద్దంది. "ఆటోలో ఎల్తే మీ అన్నయ్య దారి పొడుగునా ఏడుస్తాడు," అని నాతో చెప్పింది, ఆయన వినేలాగే. "బండి మీదైతే ఎవుల మొగం ఎవులకీ కనిపించదు."

బండికి తగిలించిన పక్క పెట్టెలోంచి రెండో హెల్మెట్ తీశాను. అది ప్రభాకర్‌ది. బండితో పాటు దాన్ని ఇవ్వలేదు. "ఆడిదే కదా?" అంది. ఔనన్నాను. లోపలి గుడ్డను వేళ్ళతో ఒకసారి తడిమి, తనే తల మీదకు లాక్కుంది. టూరింగ్ బండికి వెనక సీటు ముందు సీటు కంటే ఎత్తు. అన్నయ్య హోటల్ స్టూలు తెచ్చి వేశాడు. ఆవిడ దాని మీదెక్కి, నా భుజాలు పట్టుకుని కాలు అటు వేసింది. ఇంజను స్టార్టు చేయబోతే ఆగమంది. కళ్ళు మూసుకుని మెల్లగా ప్రార్థన చేసుకుంది. తన గురించి ఏమీ అడగలేదు. "ఈ పిల్ల సేతుల్ని నువ్వు పట్టుకో తండ్రీ" అని మాత్రం నాకు వినబడింది.

శ్రీకాకుళం దాకా అరవై దాటలేదు. మొదట్లో ఆవిడ వేళ్ళు నా భుజాల్లో దిగబడ్డాయి. నరసన్నపేట దాటాక పట్టు సడలింది. వంశధార వంతెన మీద పక్కగాలి కొట్టినప్పుడు హెల్మెట్ నా వీపుకు ఆనించింది. వంతెన అయిపోయాక కూడా తియ్యలేదు. ఏడుస్తోందో, కళ్ళు మూసుకుందో నాకు తెలియదు. అద్దంలో చూడలేదు.

ల్యాబులో రక్తం తీసుకుని మధ్యాహ్నం రమ్మన్నారు. దగ్గర్లోని మెస్‌లో భోజనం చేశాం, ఇద్దరికీ రెండు వందల లోపే అయింది. చేపల పులుసు బాగుందని నేనంటే, చింతపండు ఎక్కువైందని వదిన అంది. తర్వాత హఠాత్తుగా, "ఆడు దారిలో నిద్రపోయేవోడా?" అని అడిగింది. ఆనందపురం రాకముందే నిద్రపోయేవాడని చెప్పాను. "సిన్నప్పుడూ అంతే. నా వీపున కట్టుకుంటే సాలు, పడుకుండిపోయేవోడు," అని మజ్జిగ తాగింది. ఆ తర్వాత క్రూయిజర్ మాట ఎత్తలేదు.

మూడు గంటలకు రిపోర్టు వచ్చింది. పక్కనే ఉన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి, రిపోర్టు చాలాసేపు చదివింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉండవలసిన దాని కంటే కొంచెం ఎక్కువగా ఉందని, బీపీ బాగా ఎక్కువగా ఉందని చెప్పింది. వదిన ఒక్కటే అడిగింది.

"ఆడిలాగ నన్నూ మిషన్ ఎక్కిస్తారా?"

"ఇప్పుడు ఆ అవసరమే లేదమ్మా. మొదట్లోనే వచ్చారు. నొప్పి బిళ్ళలు ఈ రోజు నుంచి ముట్టుకోకండి. ఉప్పు తగ్గించండి, బీపీ మాత్ర రోజూ వేసుకోండి. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలా ఏళ్ళు ఇలాగే కాపాడుకోవచ్చు."

బయట మెట్ల మీద వదిన కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. "మొదట్లోనే వచ్చారంది," అని తనలో తను అనుకున్నట్టు అంది. రిపోర్టు కవరు ఒళ్ళో పెట్టుకుని, "ఆడికి ఎవులూ అలాగ సెప్పలేదు," అంది. చెయ్యి పట్టుకుంటే వెనక్కి తీసుకోలేదు.

కోటబొమ్మాళిలో ఆవిడను దింపేసరికి అన్నయ్య రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. వదిన రిపోర్టు కవరు ఆయన చేతిలో పెట్టి, "ఏడవకు, ఉప్పు మానీమంది, అంతే," అని లోపలికెళ్ళి, నాకు దారిలో తినడానికి పులిహోర పొట్లం కట్టి తెచ్చింది. తిరుగు ప్రయాణం పూర్తిగా హైవే మీదే. రోజంతా కలిపి పెట్రోలుకు వెయ్యి రూపాయల దాకా అయింది. విజయనగరంలో లైట్లు వెలిగే వేళకు ఇంటికి చేరాను.

క్రూయిజర్ నుంచి టూరింగ్ బండికి మారితే ఏమవుతుందని చాలామంది అడుగుతుంటారు. నడుం నొప్పి పోతుంది, వేగం పెరుగుతుంది, ఊళ్ళో కష్టపడతారు. ఇవన్నీ నిజమే. నేను మాత్రం ఈ బండిని ఒంటరి మనిషి బండి అనుకుని కొన్నాను. వెనక సీటు ఉందనే మర్చిపోయాను. ప్రభాకర్‌ను ఎన్నిసార్లు ఎక్కించుకుని తిరిగినా, చివరికి కాపాడుకోలేకపోయాం. ఇప్పుడు అదే జబ్బు కోసం, అదే రక్తం పంచుకున్న మనిషిని ఎక్కించుకుని తిరగాలి. ఈసారి ముందుగా బయలుదేరాం. అంతకు మించి నాకు ఏ ధైర్యమూ లేదు. కానీ అది చిన్నదేమీ కాదు.

మీకొక్క సలహా. ఈ తరహా బండి మీద ఇద్దరు వెళ్ళేటట్టయితే, వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగును ముందే రెండు మెట్లు బిగించుకోండి. లేకపోతే వెనక భాగం కుంగి, స్పీడ్ బ్రేకర్ల మీద వెనక కూర్చున్నవాళ్ళకు దెబ్బ తగులుతుంది. శ్రీకాకుళం వెళ్ళేటప్పుడు నాకు తెలియక, వదిన దారంతా ఆ దెబ్బలు తింది. రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నప్పుడు శ్రీకాకుళంలో ఒక మెకానిక్ చేత బిగింపించాను. ఒక్కరే వెళ్ళేటప్పుడు మళ్ళీ సడలించుకోవాలి, అప్పుడే సీటు మెత్తగా ఉంటుంది. నేను ఇంకా సడలించలేదు.